బెండ సాగులో రోజుల లెక్క

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరావని పెద్దల మాట. బ్రహ్మచారుల సంగతి ఎలా ఉన్నా, బెండ విషయంలో ఆ మాటకు రోజుల్లో లెక్క ఉంది. పువ్వు విచ్చిన నాలుగో రోజు నుంచి ఆరో రోజు దాకా కాయ లేతగా ఉంటుంది. ఏడో రోజుకు తొక్కలో నార దిగడం మొదలవుతుంది, గింజ గట్టిపడుతుంది. తొమ్మిదో రోజో పదో రోజో వచ్చేసరికి కత్తికి కూడా లొంగదు. అంటే కోతకు దొరికేది రెండు మూడు రోజులే. ఎన్ని మొక్కలు వేయాలి, మందు ఎప్పుడు కొట్టకూడదు, కూలీకి ఎంత పోతుంది, తెచ్చిన కాయ ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళు ఆగుతుంది అనే ప్రశ్నలన్నీ చివరికి ఆ రెండు మూడు రోజుల దగ్గరికే వస్తాయి.

బెంగళూరుకు కోలారు, చిక్కబళ్ళాపుర, మాలూరు, హొసకోటె, దొడ్డబళ్ళాపుర తోటల నుంచీ, అటు హోసూరు నుంచీ కూరగాయలు వస్తాయి. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వైపు చాలా రైతుల ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. మారతహళ్ళిలో తోపుడుబండి దగ్గర కష్టపడి ‘బెండెకాయి ఎష్టు?’ అని కన్నడం కూడబలుక్కుంటే, ‘ఎంత కావాలమ్మా?’ అని జవాబు రావడం అందుకే. మేడ మీద నాలుగు సంచుల్లో బెండ వేసుకునే తెలుగువాళ్ళూ ఈ ఊళ్ళో తక్కువేం కాదు. వాళ్ళు చేసే మొదటి పొరపాటు, గుంటూరు కాలమానంతో బెంగళూరులో విత్తడం.

విత్తే వేళ

బెండ వేడి కోరే పంట. మట్టి 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే గింజ అయిదారు రోజుల్లో మొలుస్తుంది. 17 డిగ్రీల లోపు పడిపోతే మొలవదు. తడిమట్టిలో అలాగే ఉండి కుళ్ళిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలు మామూలే. కోస్తాలో సంక్రాంతికి వేసిన బెండ చకచకా పైకొస్తే, ఇక్కడ అదే రోజు వేసినది పది పన్నెండు రోజులకు సగం మొలిచి ఆగిపోతుంది. విత్తనాల కంపెనీని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం చలే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, బెంగళూరులో వేసవి బెండకు అదే సరైన ముహూర్తం. రెండో అదను జూన్, జులై. ఆగస్టు సగం దాటాక వేస్తే కాపు సగంలో ఉండగానే చలి పట్టుకుంటుంది. చలిలో కాయ నెమ్మదిగా ఎదుగుతుంది, సైజు వచ్చేలోపే నారెక్కుతుంది. చూడ్డానికి లేతగా, వేలంత ఉన్న కాయ నోట్లో పీచులా తగలడానికి అదొక కారణం.

గింజను రాత్రి నీళ్ళలో వేసి పొద్దున్నే తీయాలి. 12 గంటలకు మించి నానితే గింజకు ఊపిరాడదు. తేలిన తాలు గింజలు పారేయాలి. గులాబీ, నీలం రంగు పూసి అమ్మే గింజలు మందు పట్టించినవి. వాటిని నానబెట్టకూడదు, వట్టి చేత్తో తాకకూడదు. లోతు రెండు సెంటీమీటర్లు చాలు. నారు పోసి నాటే అలవాటు బెండకు పనికిరాదు. తల్లివేరు నిటారుగా దిగే మొక్క కాబట్టి వేరు కదిలితే పదిరోజులు బెంగపెట్టుకున్నట్టు అలాగే నిలబడిపోతుంది. నేరుగా పెరగాల్సిన చోటే రెండేసి గింజలు వేసి, మూడాకులు వచ్చాక బలహీనమైనదాన్ని కత్తెరతో కత్తిరించాలి. పీకితే పక్కదాని వేరూ కదులుతుంది.

పొలంలో వానాకాలం పంటకు సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30. వేసవిలో మొక్క అంత గుబురుగా పెరగదు కాబట్టి 45, 20 సరిపోతాయి. మొక్కలు ఎక్కువ పడతాయి గనుక వేసవిలో విత్తనమూ ఎక్కువ కావాలి. మామూలు రకాలైతే వానాకాలం ఎకరాకు 4 నుంచి 6 కిలోలు, వేసవికి 7, 8 కిలోలు. హైబ్రిడ్ అయితే రెండు, రెండున్నర కిలోలు. ఆఖరి దుక్కిలో ఎకరాకు 6 నుంచి 8 టన్నుల పశువుల ఎరువు, 24 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ వేయాలి. నత్రజని 48 కిలోలను మాత్రం మూడు విడతలుగా పంచాలి. ఒకేసారి యూరియా గుమ్మరిస్తే మొక్క నల్లగా ఏపుగా పెరుగుతుంది, చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెత్తటి ఆకు కోసం రసం పీల్చే పచ్చదోమ వస్తుంది, కాపు వెనక్కి పోతుంది.

మేడ మీద లెక్క

‘నాలుగు మొక్కలున్నాయి, ఎప్పుడూ కూరకు సరిపడా కాయవు’ అనేది మేడతోటల్లో అందరూ చెప్పే ఫిర్యాదు. తప్పు మొక్కది కాదు. బెండ కాండం మీద ఒక్కో కణుపు దగ్గర ఒక్కో పువ్వు పూస్తుంది. మంచి ఎండలో మొక్కకు రెండు రోజులకో కాయ కోతకొస్తుంది. లేత కాయ 12 నుంచి 15 గ్రాములు తూగుతుంది. పావుకిలో కూరకు 18, 20 కాయలు కావాలి. నాలుగు మొక్కల నుంచి అన్ని కాయలు రావాలంటే పది రోజులు పోగేయాలి. మొదట కోసినవి అప్పటికి వడిలిపోతాయి, కొయ్యకుండా చెట్టునే ఉంచితే ముదిరిపోతాయి. కాబట్టి బెండ వేస్తే ఇరవై మొక్కలైనా వేయాలి, లేదంటే ఆ చోటు టమాటాకో మిర్చికో ఇవ్వడం మేలు. మూడు వారాల తర్వాత ఇంకో పది మొక్కలు వేసుకుంటే కాపు తెగకుండా సాగుతుంది.

12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న సంచి ఒక మొక్కకు సరి. అందులో దాదాపు 20 లీటర్ల మట్టి పడుతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సమపాళ్ళలో కలిపి, సంచికి రెండు గుప్పెళ్ళ వేపపిండి వేయాలి. తడిసిన సంచి ఒక్కోటి 20 కిలోల దాకా తూగుతుంది. ఇరవై సంచులంటే 400 కిలోలు. శ్లాబు నడిమధ్యన గుంపుగా కాకుండా గోడల వెంబడి పేర్చడం మంచిది. రోజుకు ఆరు గంటల నేరుటెండ తప్పనిసరి. ఉత్తరం బాల్కనీలో బెండ ఆకులే వేస్తుంది.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా చెడగొట్టేది నీళ్ళు. కావేరి నీళ్ళు వచ్చే ఇంట్లో పెరిగిన మొక్కకూ, బోరు, ట్యాంకర్ నీళ్ళ మీద బతికే మొక్కకూ తేడా నెలలోనే కనిపిస్తుంది. బెండ ఉప్పునీటికి ఓర్చుకోదు. సాఫ్ట్‌నర్ పెట్టిన అపార్ట్‌మెంట్లలో సంగతి ఇంకా చెడ్డది. సాఫ్ట్‌నర్ నీటిలోని కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం వదులుతుంది. బకెట్లకు మరకలు పట్టవు గానీ, మట్టి బిగుసుకుపోయి ఆకుల అంచులు మాడతాయి. ఆర్వో యంత్రం పారబోసే నీళ్ళు వృథా చేయడం ఎందుకని మొక్కలకు పోస్తారు. ఆ నీళ్ళలో ఉప్పు రెట్టింపై ఉంటుంది. వాటిని నేల తుడవడానికి వాడుకుని, మొక్కలకు వాననీళ్ళో, సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నీళ్ళో పోయాలి. గత్యంతరం లేనప్పుడు వారానికోసారి సంచి అడుగునుంచి కారిపోయేదాకా మంచినీళ్ళు పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. వేసవిలో కాపు మీదున్న మొక్కకు రోజుకు లీటరు, లీటరున్నర కావాలి.

మందార పక్కన బెండ పెట్టకూడదు. బెండ, మందార, పత్తి, గోంగూర అన్నీ ఒకే కుటుంబం. చుట్టరికం ఉన్నచోట పురుగులు కూడా ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆకు పసుపెక్కితే

బెండలో పసుపు ఆకు చూడగానే మందు కొట్టేస్తారు. ముందు ఆకు కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అడుగు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైంది. పై ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము అందడంలేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళ దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుని, పసుపై, తర్వాత ఇటుకరంగులో మాడితే పచ్చదోమ. ఆకు కింద తట్టి చూస్తే ఏటవాలుగా పరిగెత్తే చిన్న పచ్చ పురుగులు కనబడతాయి. ఇవేవీ కాకుండా, ఇనుము లోపానికి తలకిందులుగా, ఈనెలు మాత్రం పసుపు వల అల్లినట్టు మెరుస్తూ వాటి మధ్య పచ్చ గళ్ళు మిగిలితే, అది పల్లాకు తెగులు. శంఖు రోగమనీ అంటారు. దానికి మందు లేదు.

ఈ తెగులును మొదట 1924లో బొంబాయి ప్రెసిడెన్సీలో గుర్తించారు. ఇది వైరస్. గింజ ద్వారా రాదు, చేతుల ద్వారా అంటదు. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే వస్తుంది. రోజుల లెక్క ఇక్కడా ఉంది. మొలిచిన మూడు వారాల్లోపు సోకితే ఆ మొక్క నుంచి దాదాపు ఏమీ రాదు. రెండు నెలలకు సోకితే అప్పటికే కొన్ని కాయలు కోసి ఉంటాం, నష్టం కొంత తగ్గుతుంది. కాబట్టి కాపలా ముఖ్యంగా తొలి నెలలో కాయాలి. పసుపు జిగురు అట్టలు ఆకుల ఎత్తులో వేలాడదీయాలి. వారానికోసారి లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీళ్ళలో కలవడానికి కొద్దిగా సబ్బునీరు కలిపి, ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం చల్లాలి. మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది. పొలంలో చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ముందుగానే వేస్తే గాలిలో వచ్చే దోమకు అడ్డుగోడ అవుతుంది. తెగులు కనిపించిన లేతమొక్కను ఆ పూటే పీకి సంచిలో కట్టి పారేయాలి. తెగులు మొక్క కాయ పాలిపోయి గట్టిగా ఉంటుంది గానీ, తింటే మనిషికేమీ కాదు.

మందు లేనప్పుడు మిగిలింది రకం ఎంపిక. దేశమంతా ఒకప్పుడు ఏలిన పూసా సావని రకం పల్లాకు తెగులును తట్టుకుంటుందనే పేరు తెచ్చుకుని, కాలం గడిచేకొద్దీ ఆ శక్తి పోగొట్టుకుంది. తర్వాత బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే అడవి బెండతో మన బెండను కలిపి, కొన్ని తరాలు ఏరి, అర్క అనామిక, అర్క అభయ్ రకాలను తెచ్చారు. అనామిక మంచి సాగులో హెక్టారుకు 20 టన్నుల దాకా ఇచ్చే రకం. దేశంలో ఇంటి పెరళ్ళ దాకా చేరిన ఈ రకం పుట్టిల్లు ఈ ఊరి పొలిమేరలోనే ఉంది. వైరస్ కూడా మారుతూ ఉంటుంది కాబట్టి ఇవీ ఇప్పుడు అన్నిచోట్లా పూర్తిగా నిలబడటం లేదు. అయినా మేడతోటకు ఇవే నయం, ఎందుకంటే గింజ దాచుకోవచ్చు.

మిగిలిన శత్రువుల్లో మొవ్వు, కాయ తొలుచు పురుగు ముఖ్యం. కొస మొవ్వు ఒక్కటే వాడి వాలిపోతే పురుగు లోపల ఉన్నట్టే. దానికి రెండంగుళాల కింద కత్తిరించి నలిపేయాలి, పక్క కొమ్మలు వేసి మొక్క మళ్ళీ కాస్తుంది. వానలు వెనకబట్టి మంచు మొదలయ్యాక ఆకుల మీద తెల్లటి పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. మొక్క ఎదుగు బొదుగు లేకుండా ఉంటే పీకి వేరు చూడాలి. బుడిపెలుంటే అది వేరులో చేరిన నులిపురుగుల పని. ఆ మట్టిలో తర్వాత బెండ, టమాటా, వంగ వేయకుండా ఒక పంట బంతి వేయాలి.

కోత, మందు, మార్కెట్టు

విత్తిన 45, 50 రోజులకు మొదటి కోత వస్తుంది. అక్కడి నుంచి నెలన్నర, రెండు నెలలు రోజు విడిచి రోజు కోయాలి. ఆదివారమని, పండగని ఆగితే కుదరదు. ఒక్క కోత తప్పితే ఆ కాయలు ముదరడమే కాదు, గింజ పట్టిన కాయ మొక్క సత్తువంతా లాక్కుని కొత్త పూతను ఆపేస్తుంది. ముదిరినవి అమ్ముడుపోకపోయినా కోసి పారేయాల్సిందే. ఆకు, కాయల మీది నూగు చేతులకు మంట పుట్టిస్తుంది, పొడుగు చేతుల చొక్కా, తొడుగులు లేకుండా గంట కూడా కోయలేరు. కూలీ ఖర్చులో కోతే అన్నిటికంటే పెద్దది.

మందుల అవశేషాల గొడవకు మూలమూ ఇక్కడే ఉంది. మందు డబ్బా మీద కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కోయరాదని ఉంటుంది. అయిదు రోజులు ఆగాలంటే రెండు కోతలు వదులుకోవాలి. వదిలిన కాయ ముదిరి పారబోయాలి. వరికైతే ఆగడంలో నష్టమేమీ లేదు, బెండకు ఆగడమంటే డబ్బు పోగొట్టుకోవడం. అందుకే పొద్దున మందు కొట్టి మర్నాడు కోసేవాళ్ళుంటారు. ఐరోపా దేశాలు మన బెండ మీద అవశేషాల తనిఖీలు పెంచడానికి కారణాలు వెతకాలంటే రైతు దురాశ కంటే ముందు ఈ రోజుల ఇరుకును చూడాలి. దారి లేకపోలేదు. పూత మొదలయ్యేలోపే రసం పీల్చే పురుగుల పని పట్టడం, కాపు మీదుండగా వేపగింజల కషాయం లాంటివాటికే పరిమితం కావడం, గత్యంతరం లేక కొడితే ఆ రోజు పిందె సైజు దాటిన ప్రతి కాయనూ ముందే కోసేసి కొట్టడం. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కూరగాయల మీద వాడకం మన దేశంలో నిషిద్ధం, ఏ తోటలోనైనా సరే. కొన్నవాళ్ళు ఉప్పునీళ్ళలో కడిగితే పైపైన ఉన్నది పోతుంది, లోపలికి ఇంకిన మందు పోదు. ఇక మెరిసే పచ్చరంగు మీద అనుమానముంటే ఆహార భద్రత సంస్థ చెప్పిన పరీక్ష తేలిక: దూదిని లిక్విడ్ పారఫిన్‌లో ముంచి కాయ మీద రుద్దాలి. దూది పచ్చబడితే మలకైట్ గ్రీన్ అనే కృత్రిమ రంగు వేసినట్టు.

బండి దగ్గర కాయ ముక్కు విరిచి చూడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. టక్కున విరిగితే లేత, వంగితే ముదురు. అమ్మేవాడి కోపంలోనూ న్యాయముంది. ముక్కు విరిగిన కాయ అక్కడినుంచే నల్లబడి సాయంత్రానికి జిగురు కారుతుంది. విరవకుండానూ తెలుస్తుంది. వేలంత పొడుగు, అంటే 8 నుంచి 10 సెంటీమీటర్ల లోపు ఉండి, పైన నూగు మెత్తగా తగిలి, నిలువు గీతల మీద బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతే అది లేతకాయే. గీతలు ఎముకల్లా తగిలితే వదిలేయాలి.

కాయ చెడకుండా ఉండేది 7 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చలికి కాయ మీద గుంటలు పడి నల్లబడుతుంది. కడగకుండా, పొడిగుడ్డలో చుట్టి, అడుగు అరలో పెట్టి రెండు మూడు రోజుల్లో వండేయాలి.

జిగురు, పోషకాలు

బెండకాయ తింటే లెక్కలు బాగా వస్తాయని పిల్లల చేత తినిపించని తెలుగు తల్లి ఉండదు. లెక్కల సంగతికి రుజువేమీ లేదు, కానీ అబద్ధం చెప్పి తినిపించదగిన కూరే. వంద గ్రాముల పచ్చికాయలో దాదాపు 90 శాతం నీరు, 33 కేలరీలు, 3 గ్రాముల పీచు, 2 గ్రాముల మాంసకృత్తులు, 80 మిల్లీగ్రాముల కాల్షియం, 20 మిల్లీగ్రాముల పైన విటమిన్ సి, 60 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటాయి. గర్భిణులకు కావాల్సిన ఫోలేట్ కోసం ఆకుకూరలకు తోడుగా ఇది చెప్పుకోదగ్గది. ఇనుము మాత్రం తక్కువ, ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మందు వాడేవాళ్ళు విటమిన్ కె వల్ల బెండను ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా ఒకే మోతాదులో తినాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళు వచ్చే తత్వమున్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి తినాలి.

జిగురు అంటే పీచే, నీటిలో కరిగే పీచు. పేగులో అది చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. దాన్ని పట్టుకుని బెండ నానబెట్టిన నీళ్ళు తాగి షుగరు మాత్రలు మానేయడం ప్రమాదం. ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఆ జిగురు మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఒంటికి పట్టడాన్నే తగ్గించింది. చెరకు రసం కాచేటప్పుడు మడ్డి పైకి తేలడానికి బెండ కాండం నలిపిన నీళ్ళు పోసే బెల్లపు గానుగలవాళ్ళకు ఈ జిగురు బలం ఎప్పుడో తెలుసు.

వంటలో జిగురును పెంచేది నీరు, తగ్గించేది పులుపు. అందుకే పులుసులో, మజ్జిగ పులుసులో, కన్నడిగుల గొజ్జులో తీగ సాగదు. వేపుడుకు కాయను ముందే కడిగి పూర్తిగా తుడిచి ఆరాక తరగాలి. వెడల్పాటి మూకుడులో, మూత లేకుండా, ఉప్పు చివర్లో వేయాలి. ఉప్పు ముందే పడితే ముక్క నీరు వదిలి బంకవుతుంది. ఇనుప మూకుట్లో ముక్క నల్లబడితే కంగారక్కర్లేదు, కాయలోని పదార్థాలు ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. కేలరీల లెక్క మాత్రం ఒకసారి చూసుకోవాలి. పావుకిలో బెండలో ఉండేది 80 కేలరీలు, దాంట్లో మూడు పెద్ద చెంచాల నూనె పోస్తే చేరేది 350 పైమాటే.

కాపు చివరికొచ్చాక తెగులు సోకని, గట్టి మొక్కలు రెండింటిని ఎంచి, నడిమి కణుపుల మీద నాలుగైదు కాయలు కోయకుండా వదలాలి. పువ్వు విచ్చిన నెల రోజులకు అవి గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమంటాయి. పగలకముందే తెంపి, గింజ తీసి నీడన ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో కాస్త బూడిద కలిపి దాచుకోవాలి. హైబ్రిడ్ గింజ దాచినా తల్లి గుణం రాదు. దాచిన గింజ రెండేళ్ళు దాటితే మొలక తగ్గుతుంది, అప్పుడు సంచికి రెండు కాక నాలుగు గింజలు వేయాలి.